చిట్టి కొట్టులో గుర్రాల దావా

నలభై ఒక్క ఏళ్ళ గుమాస్తాగిరీలో సూర్యప్రకాశరావు గారు ఎవరి గుమ్మమూ ఊరికే ఎక్కలేదు. చంకలో కాగితాల కట్ట ఉంటేనే ఆయనకు కాలు ముందుకు పడేది. నోటీసు ఇవ్వడానికో, సంతకం పెట్టించుకోవడానికో, ఫలానా తారీఖున కోర్టుకు రావాలని చెప్పడానికో తప్ప అమలాపురంలో ఆయన ఒకరింటికి వెళ్ళిన దాఖలా లేదు. పెళ్ళికి వెళ్ళినా శుభలేఖ జేబులో పెట్టుకునే వెళ్ళేవారు. ఎందుకొచ్చారని ఎవరైనా అడిగితే చూపించాలి కదా!

వాళ్ళది పలివెలలో వేదం చెప్పుకునే కుటుంబం. తాతగారు ఘనాపాఠి. తండ్రిగారిదీ అదే దారి. ప్రకాశరావు గారిని మాత్రం చిన్నప్పుడు వల్లె వేయడానికి కూర్చోబెడితే యాభయ్యేసి పదాల పనసల్లో రెండోదానికే కునుకు పట్టేది. చిత్రమేమిటంటే తారీఖులు మాత్రం ఒకసారి చెవిన పడితే చాలు, చచ్చినా మరిచిపోయేవారు కాదు. ఆ సంగతి కనిపెట్టి అమలాపురంలో ఒక పెద్ద వకీలు గారు ఆయన్ని గుమాస్తాగా పెట్టుకున్నారు. అక్కడ ఆయనకు అబ్బిన విద్య వాయిదా. కక్షిదారు తాతగారు యువకుడిగా ఉన్నప్పుడు పడిన దావాను, మనవడి జుట్టు నెరిసేదాకా తీర్పు రాకుండా నడిపించిన చరిత్ర ఆయనది. ప్రకాశరావు తల్చుకుంటే యముడి దగ్గర కూడా ఇంకో తారీఖు తెస్తాడని బార్ రూములో చెప్పుకునేవారు.

ఆ వకీలు గారికి గుర్రాల పిచ్చి ఉండేది. పందెం కాసే పిచ్చి కాదు, చదివే పిచ్చి. జన్మలో ఒక్క రూపాయి కాయలేదు. ఇంగ్లండు నుంచీ అమెరికా నుంచీ పందెపు గుర్రాల పత్రికలు తెప్పించుకుని, ఏడాదికో సంపుటం చొప్పున లా రిపోర్టులతో పాటు బైండు చేయించేవారు. ఆ పని ప్రకాశరావు గారిది. బైండు చేయించేవాడు పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. అలా చూస్తూ చూస్తూ ఆయన చదవడం మొదలుపెట్టారు. వకీలు గారు పోయాక లా పుస్తకాలు జూనియరు పట్టుకెళ్ళాడు, గుర్రాల పుస్తకాలు ఎవరూ ముట్టలేదు. "ఇవి మీరే కదండీ బైండు చేయించేరు, మీరే తీసుకుపోండి" అన్నారు వకీలు గారి భార్య. రిక్షాలో ముప్ఫై నాలుగు సంపుటాలు దిగుతుంటే, ప్రకాశరావు గారి భార్య వేదవతి గారు గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇన్నేళ్ళ చాకిరీకి ఆవో దూడో ఇస్తే ఏమోగానీ, గుర్రాలిచ్చేరా!" అన్నారు.

నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆయన కోర్టు ఎదురుగా ఉన్న చిట్టి అనే ఆవిడ నడిపే టీకొట్టు దగ్గర కూర్చున్నారు. అక్కడ ఉన్నది ఒకటే బల్ల. ఈ చివర ఆయన, ఆ చివర దానియేలు మాస్టారు. దానియేలు గారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ తాతగారు రాజోలు వైపు పొలాల్లో పాలేరు. తండ్రి మిషన్ బడిలో చదువుకుని టీచరయ్యారు. ఒకే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నా ఈ ఇద్దరి మధ్య నమస్కారం దాటి మాట నడవలేదు. నడవడానికి పని పడలేదు. ఆ రోజు మాస్టారి ఫోన్లోంచి డెక్కల చప్పుడు వినపడితే ప్రకాశరావు గారు ఓరగా తొంగిచూశారు. చూసి ఊరుకోలేకపోయారు.

"సెక్రటేరియట్ అనే గుర్రం కదండీ అది? డెబ్బై మూడు, జూన్ తొమ్మిది."

మాస్టారి గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "మీకెలా తెలుసండీ?"

"చదివేనండి. రెండోది వచ్చేసరికి మధ్యలో ముప్ఫై ఒక్క గుర్రాలు పట్టేంత జాగా ఉందట."

"టైం?"

"టైం తెలీదండి. నాకు తారీఖే గుర్తుంటాది."

"రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లండీ బాబూ! మట్టి మీద మైలున్నర ఆ టైంలో ఇప్పటిదాకా ఎవరూ లాగలేదు!" మాస్టారు బల్ల మీద సగం దూరం జరిగి వచ్చేశారు. "మూడేళ్ళ గుర్రాల్లో దీన్ని మించింది పుట్టలేదు. కావాలంటే రాసిచ్చేస్తాను."

"రాసివ్వకండి. కాలదోషం పట్టింది."

"ఏం పట్టింది?"

"యాభై ఏళ్ళ నాటి వ్యవహారమండి. ఇప్పుడు పట్టుకొస్తే గుమ్మంలోనే కొట్టేస్తారు. ఇటీవలిది ఏదన్నా ఉంటే చెప్పండి."

ఇటీవలి మూడేళ్ళ గుర్రాల్లో ఏది గొప్పదన్న దావా అలా పడింది. 'ఇటీవల' అంటే ఎప్పటినుంచో తేల్చుకోవడానికే పదకొండు రోజులు పట్టింది. చివరికి చిట్టి కొట్టు పెట్టిన ఏడాది నుంచి అని ఖాయం చేసుకున్నారు. అది రెండువేల మూడు.

ఆ తర్వాత ఒక్కో గుర్రాన్నీ పిలిచి విచారించారు. అమెరికాలో మూడు పెద్ద పందేలనూ ఒకే ఏడు గెలిచిన గుర్రం లేదని ముప్ఫై ఏడేళ్ళు జనం ఎదురుచూశాక, రెండువేల పదిహేనులో గెలిచింది అమెరికన్ ఫారో. కానీ అదే ఆగస్టులో ఒక పందెం ఓడింది. "ఓడినవాడికి సర్టిఫికెట్టు ఇస్తానండి, కప్పు ఇవ్వను" అని మాస్టారు దాన్ని పక్కన పెట్టారు. జస్టిఫై ఆరింటికి ఆరూ గెలిచింది. అయితే మొదటి పరుగు నుంచి చివరి పరుగు దాకా నాలుగు నెలలు నిండలేదు. "హాజరు చాల్లేదు. పరీక్షకి కూర్చోనివ్వను" అన్నారు. చివరికి రెండు మిగిలాయి. రెండువేల తొమ్మిదిలో పరుగెత్తిన సీ ద స్టార్స్ ప్రకాశరావు గారి పక్షం, రెండువేల పదకొండులో పరుగెత్తిన ఫ్రాంకెల్ మాస్టారి పక్షం.

ఈ మూడేళ్ళ వయసు లెక్క వేదవతి గారికి బొత్తిగా మింగుడు పడలేదు. ఆ దేశాల్లో గుర్రం ఏ నెలలో పుట్టినా జనవరి ఒకటిన దానికో ఏడు కలుపుతారని భర్త చెబితే, "ఒక తిథీ నక్షత్రం ఉండవా పాపం?" అన్నారు. ఆ ప్రశ్న ఆయన పట్టుకెళ్ళి మాస్టారికి అప్పగించారు. మాస్టారు నవ్వేశారు. "మా బళ్ళో సగం మంది జులై ఒకటిన పుట్టినోళ్ళేనండీ. హెడ్మాస్టారు ఏది రాస్తే అదే పుట్టినరోజు."

కోర్టు వదిలే వేళకు చిట్టి కొట్టు దగ్గర నిలబడితే రోజూ వాళ్ళ వాదన వినిపించేది.

"పద్నాలుగు పరుగులు, పద్నాలుగూ గెలుపే! మూడో ఏడు ఐదుకి ఐదు!" అనేవారు మాస్టారు.

"ఏ దూరమండీ ఆ ఐదూ?"

"మైలు. ఒక్కటి అంతకంటే కొంచెం తక్కువ."

"అదీ! మున్సిఫు కోర్టన్నమాట. దాని పరిధి మైలు దాకానే. మావాడు మైలూ గెలిచేడు, మైలుంబావూ గెలిచేడు, మైలున్నరా గెలిచేడు."

"మరుసటేడు మావాడు మైలుంబావు కూడా గెలిచేడు కదండీ!"

"అప్పటికి నాలుగేళ్ళు. దానికి వేరే దావా వేసుకోండి."

"మీవాడు గెలిస్తే ఎంత తేడాతో గెలిచేడండీ? ఒక గుర్రం, గుర్రమున్నర, మహా అయితే రెండున్నర. అంతా బొటాబొటీ పాసు! మావాడు గినీస్ పందెంలో సగం దూరానికే మిగతావాళ్ళకి కనబడకుండా పోయేడు. పైగా మీవాడు మొట్టమొదటి పరుగులో నాలుగో వాడు."

"అది రెండో ఏటండి. మైనరు. మైనరు చేసింది చెల్లదు. మే నుంచి అక్టోబరు దాకా నెలకో పెద్ద పందెం, నెలకో గెలుపు. పేషీ పిలవగానే తీర్పు! నా సర్వీసులో అలాంటి కేసు ఒక్కటీ చూళ్ళేదు." ఈ మాట అనేటప్పుడు ఆయన గొంతులో నిజమైన భక్తి పలికేది. జీవితమంతా వాయిదాలు తెచ్చిన మనిషికి వాయిదా ఎరగని గుర్రం మీద గురి కుదిరింది.

వాదన ఎప్పుడు ఒక కొలిక్కి వచ్చేలా ఉన్నా ఆయన తన విద్య ప్రయోగించేవారు. ఆ రోజు నేల తడిగా ఉందో లేదో రికార్డు చూడాలండి. రెండువేల తొమ్మిది సంపుటం కుట్టు ఊడింది, బైండింగుకిచ్చేను. ఇవాళ అమావాస్య, రేపు చూద్దాం. మాస్టారు గెలుస్తారేమోనని కాదు ఆయన భయం. ఎవరు గెలిచినా దావా అయిపోతుంది. అయిపోతే ఆ డ్రిల్లు మాస్టారికీ తనకూ ఒకే బల్ల మీద కూర్చోవడానికి పనేముంటుంది? వకీలు గారు పోయాక, సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా మాత్రమే ఆయన ఒకరికి కావలసిన మనిషిగా ఉండేవారు. ఆ అరగంట పోతుందేమోనని ఆయనకు బెంగ.

ఆ బెంగతోనే ఒక తప్పుపని చేశారు. రెండువేల పదకొండు సంపుటంలో వకీలు గారు స్వహస్తంతో గీసిన వంశవృక్షం ఒకటి మడతపెట్టి ఉండేది. పైన అర్బన్ సీ అనే ఆడగుర్రం. తొంభై మూడులో పారిస్‌లో పెద్ద పందెం గెలిచిన తల్లి. దాని ఒక కొడుకు గెలీలియో, ఇంకో కొడుకు సీ ద స్టార్స్. తండ్రులు వేరు, తల్లి ఒక్కతే. ఆ గెలీలియో కొడుకే ఫ్రాంకెల్. అంటే నాలుగేళ్ళుగా కోర్టు రోడ్డులో తలపడుతున్న రెండు పక్షాలూ బాబాయీ అబ్బాయీ! ఈమధ్య ఇలాంటి ఇంటి తగాదాలను లోక్ అదాలత్‌లో ఒక్కపూటలో రాజీ చేసి పంపిస్తున్నారని ప్రకాశరావు గారికి తెలుసు. అందుకని మాస్టారు ఆ సంపుటం ఇంటికి పట్టుకెళ్తానని అడిగిన రోజున, ఇచ్చే ముందు ఆ కాగితం తీసి పాత పంచాంగంలో దాచేశారు. కట్టలోంచి కాగితం తీయడం ఆయన జన్మలో అదే మొదలు. ఆ పూట ఆయనకు మజ్జిగన్నం సహించలేదు.

మాస్టారి ఫోన్లో వెతికితే ఆ సంగతి దొరికేదే. కానీ ఆయన వెతకరు. అదొక పట్టుదల. "ముప్ఫై మూడేళ్ళు విజిలేసేనండీ. గీత దగ్గర నిలబడ్డవాణ్ణి నీ తండ్రెవరు, తాతెవరని ఒక్కసారి అడగలేదు. అడిగినోళ్ళని చూసేను. అందుకే అడగలేదు" అనేవారు. పుస్తకంలో గుర్రం తల్లిదండ్రుల పేర్లు ఎదురైతే, వాటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని మిగతాది చదివేవారు.

ఈ ఏడు మాఘమాసం చివర ఒక సోమవారం మాస్టారు బల్ల మీద కూర్చుంటూనే చెప్పేశారు. "బుధవారం భస్మ బుధవారమండి. ఈస్టరు దాకా నలభై రోజులూ మనకిష్టమైంది ఏదో ఒకటి మానుకోవాలి. నేను గుర్రాలు మానేస్తున్నాను."

ప్రకాశరావు గారు వెంటనే తన విద్య అందుకున్నారు. "ఆయ్. వేసవి సెలవల్లాంటిదన్నమాట. ఈస్టరు తర్వాత తారీఖు..."

"తారీఖు లేదండి! పరుగన్నాక ఎక్కడో ఒకచోట గీత ఉండాలి. సగం పరుగు కడుపులో పెట్టుకుని నేను ప్రార్థన చెయ్యలేను. రేపే తేలిపోవాలి."

"తేల్చేదెవరండీ?"

మాస్టారు చుట్టూ చూశారు. చిట్టి టీ వడపోసే గుడ్డ పిండుతోంది. నలభై దాటిన మనిషి. గుర్రాన్ని ఒక్కసారే, కొత్తపేటలో ఒక పెళ్ళి ఊరేగింపులో చూసింది. "చిట్టమ్మ చెబుతాది. నీకు ఈ రెండు గుర్రాల్లో ఏదన్నా తెలుసా అమ్మా?"

"నాకెందుకు తెలుస్తాదండీ?"

"అదే కావాలి. పక్షపాతం ఉండదు."

మర్నాడు ఐదింటికి కోర్టు రోడ్డులో ఉన్న జిరాక్సు షాపులవాళ్ళూ స్టాంపులమ్మేవాళ్ళూ కూడా గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. మాస్టారు టైములు చదివారు. ప్రకాశరావు గారు తారీఖులు చదివారు. చిట్టి రెండూ విన్నది, విననట్టే స్టవ్వు మంట తగ్గించింది.

"మీ సెకన్లూ మీ తేదీలూ నాకేం అర్థం కాలేదండీ. ముందిది చెప్పండి. ఎవరి తాలూకు ఈ గుర్రాలు?"

"పరుగుకీ పుట్టుకకీ సంబంధమేంటి చిట్టీ?" అని మాస్టారు అడ్డుపడ్డారు.

"ఊరుకోండి మాస్టారండీ. వెనక వాటాలోకి అద్దెకొచ్చినా అడుగుతాం, బస్సులో పక్క సీట్లో కూర్చున్నా అడుగుతాం. గుర్రమైతే మాత్రం దానికి ఊరూ, పేరూ, నా అన్నవాళ్ళూ ఉండరా ఏంటి?"

"నాకు తెలీదు, తెలుసుకోను. ఆయన్నడుగు. ఆయన దగ్గర పుస్తకాలున్నాయి."

చిట్టి ఇటు తిరిగింది. "చెప్పండి గుమాస్తా గారూ."

"సీ ద స్టార్స్... ఐర్లండులో పుట్టిందండి" అన్నారాయన.

"ఊరు కాదండీ. తల్లెవరు?"

"అర్బన్ సీ అని... మంచి గుర్రమేనండి."

"మరి మాస్టారి గుర్రం?"

"తండ్రి గెలీలియో అండి. ఇంతకీ ఆ రోజు నేల తడి సంగతి మనం..."

"నేల సంగతి నేను తుడుచుకుంటానుగానీ" అంది చిట్టి. ఆయన చూపులు తిన్నగా లేవని ఆమెకు తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళుగా కోర్టుకొచ్చే సాక్షులకు టీ పోస్తున్న మనిషి. "ఈ రెండిటికీ ఏదన్నా చుట్టరికం ఉందా?"

ప్రకాశరావు గారు అడగని సంగతి చెప్పకుండా ఎన్నేళ్ళయినా ఉండగలరు. అడిగినదానికి అబద్ధం మాత్రం ఆయన నోటికి రాదు. వకీలు గారు ఆయన్ని ఒక్కసారి కూడా బోనెక్కించకపోవడానికి కారణం అదే.

"ఉందండి."

"ఏమవుతారు?"

"బాబాయ్... అబ్బాయ్."

జిరాక్సు షాపు వైపు నుంచి నవ్వు మొదలైంది.

"బాబాయికీ అబ్బాయికీ పందెం పెట్టి నాలుగేళ్ళు నా బల్ల అరగ్గొట్టేరా!" చిట్టి గరిటె కింద పెట్టేసింది. "బాబాయి గెలిస్తే అబ్బాయికి గొప్ప, అబ్బాయి గెలిస్తే బాబాయికి గొప్ప. ఏదెలాగున్నా కప్పు ఒకే ఇంట్లో ఉంది. ఇంకేంటండీ తగువు? అయిపోయింది. లేవండిద్దరూ, బల్ల తుడవాలి."

అందరూ నవ్వుతున్నారు. దానియేలు మాస్టారు నవ్వలేదు.

"ఈ సంగతి మీకెప్పట్నుంచి తెలుసండీ?"

"రెండువేల పదకొండు, నవంబరు పన్నెండు."

"నాకిచ్చిన పుస్తకంలో లేదే?"

"ఉన్న కాగితం తీసేసేనండి."

మాస్టారు సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టారు. "నాలుగేళ్ళు నేను గొంతు చించుకుంటుంటే, మీరు కాగితం దాచుకుని కూర్చుని చూసేరన్నమాట. డ్రిల్లు మాస్టారు కదా, ఆడుకుంటున్నాడులే అనుకున్నారు. బాగుందండి" అని సైకిలెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు భస్మ బుధవారం. మాస్టారు రాలేదు. గురువారమూ రాలేదు. ప్రకాశరావు గారు రోజూ ఐదింటికి వెళ్ళి బల్లకు ఈ చివరే కూర్చునేవారు, ఆ చివర ఎవరైనా కూర్చోబోతే "వస్తారండి" అనేవారు. చిట్టికి జాలేసింది. "మీరు అబద్ధమాడినా అయిపోను కదండీ" అంది.

"నువ్వు అడక్కపోయినా అయిపోను" అన్నారాయన.

తొమ్మిదో రోజున ఇంట్లో కూర్చుని ఏదో రాయడం, చింపడం మొదలుపెట్టారు. వేదవతి గారు వచ్చి చూశారు.

"ఏం రాస్తున్నారు?"

"ఆ తీర్పు మళ్ళీ విచారించాలని అర్జీ. మాస్టారికి ఇచ్చి రావాలి."

"ఆయన ఈస్టరు దాకా గుర్రాల మాటెత్తనన్నారు కదా?"

"అదే ఇబ్బంది. ఇంకేం పని కనబడ్డం లేదు."

"ఏ పనీ వద్దు. ఊరికే చూద్దామని వచ్చేనని చెప్పండి."

"అలా ఎవరన్నా చెబుతారా?"

"ఊరంతా అదే చెప్పుకుని తిరుగుతున్నారండీ! అరవై ఏడేళ్ళొచ్చేయి, మీకొక్కరికే తెలీలేదు" అని ఆవిడ ఆయన చంకలో పెట్టుకోబోతున్న కాగితాలు లాగేసుకున్నారు. ఆయన అలాగే బయల్దేరారు. కట్ట లేకపోయినా ఎడమ చెయ్యి మాత్రం ఒంటికి అతుక్కునే ఉంది. వంతెన దాటి కాలవ అవతలికి వెళ్ళేదాకా ఎదురైన వాళ్ళు "చెయ్యి నొప్పాండీ?" అని పలకరిస్తూనే ఉన్నారు.

దానియేలు మాస్టారు వరండాలో కూర్చుని కీర్తనల పుస్తకం తిరగేస్తున్నారు. గేటు చప్పుడుకు తలెత్తారు గానీ లేవలేదు.

"ఏంటండీ, ఏదన్నా పనా?"

"లేదండి."

"గుర్రాల గురించైతే..."

"కాదండి."

"మరి దేని గురించి?"

ప్రకాశరావు గారు అలవాటుగా చంక తడుముకున్నారు. "దేని గురించీ కాదండి. ఊరికే... మిమ్మల్ని చూద్దామని వచ్చేను."

మాస్టారు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశారు. కట్ట లేదు. జేబులో కూడా ఏమీ ఉన్నట్టు లేదు. చివరికి కాలితో కుర్చీ ఇటు జరిపారు. "కూర్చోండి."

కూర్చున్నారు. మునగచెట్టుకు గొంగళిపురుగు పట్టిందని మాస్టారు అన్నారు. పడుతుందండి అని ప్రకాశరావు గారన్నారు. అదీ అయిపోయింది. ఇక ఆగలేక ఆయనే చెప్పేశారు. "మిమ్మల్ని వెర్రివాణ్ణి చేద్దామని దాచలేదండి. ఆ కాగితం చూపిస్తే దావా రాజీ అయిపోద్ది. అయిపోతే మీరింక చిట్టి కొట్టుకి ఎందుకొస్తారు? అందుకని తీసేసేను. తప్పేనండి."

మాస్టారు పుస్తకం మూసి విస్తుపోయి చూశారు. "నేను కొట్టుకి దావా కోసం వస్తున్నానని ఎవరన్నారండీ మీకు?"

"మరి?"

"టీ కోసం వస్తాను! మా ఇంట్లో పంచదారేసిన టీ పుట్టదు. షుగరని నాలుగేళ్ళ నుంచీ నోరు కట్టేసింది మా ఆవిడ. గుర్రాలంటూ లేకపోయినా ఐదయ్యేసరికి నేనా బల్ల మీదే ఉండేవాణ్ణండీ బాబూ!"

ఇంత తేలిగ్గా చెప్పే సంగతి కోసమా తాను కాగితం దాచింది అని ప్రకాశరావు గారు నోరు తెరిచారు. అంతలో తలుపు దగ్గర గాజులు గలగలమన్నాయి. మాస్టారి భార్య సువర్ణ గారు. ఎప్పటినుంచి అక్కడున్నారో తెలియదు.

"కొట్టు దగ్గర మంచినీళ్ళు తప్ప ముట్టనన్నారు కదండీ?" అన్నారావిడ.

"మంచినీళ్ళే సువర్ణా. మాటవరసకి అన్నాను" అన్నారు మాస్టారు.

ఆవిడ ఆయన్ని వదిలేసి అతిథి వైపు తిరిగారు. "అన్నయ్యగారూ, మీరు చెప్పండి. ఈయన టీ తాగుతారా?"

దానియేలు మాస్టారు కళ్ళతో బతిమాలారు. కనుబొమలతో బెదిరించారు. ప్రకాశరావు గారు గేటు వైపు చూశారు.

"తాగుతారండి."

"పంచదారేసా?"

"...పంచదారతోనేనండి."

"ఎన్ని చెంచాలు?"

"మామూలుగా రెండండి. కిందటేడు మార్చి పదిహేడున మాత్రం మూడు. ఆవేళ చిట్టి చెయ్యి జారింది."

"మీరు ఎవరి సాక్షండీ?" అని అరిచారు మాస్టారు. "చూద్దామని వచ్చేనని చెప్పి నా కొంప ముంచుతారా!"

"అడిగేరు కదండీ" అన్నారు ప్రకాశరావు గారు దీనంగా.

సువర్ణ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి తీర్పు చెప్పారు. "రేపట్నుంచి ఐదింటికి టీ ఇక్కడే. పంచదార లేకుండా. ఇద్దరికీ."

"నాకు షుగరు లేదండి" అన్నారు ప్రకాశరావు గారు భయం భయంగా.

"నాలుగేళ్ళు పక్కన కూర్చుని చెంచాలు చూస్తూ నాకో మాట చెప్పలేదు. మీరూ తాగాలి. ఒక్కరోజు మానేసినా నేనే మీ ఇంటికొచ్చి వేదవతి గారితో చెబుతాను. రేపటిదాకా ఎందుకూ, ఇవాళే కానివ్వండి" అని ఆవిడ లోపలికి వెళ్ళారు.

స్టీలు గ్లాసుల్లో టీ వచ్చింది. మాస్టారు ఒక గుక్క తాగి, కషాయం మింగినట్టు మొహం పెట్టి, ఎదుటివారు ఎలా తాగుతారోనని కాచుకు కూర్చున్నారు. ప్రకాశరావు గారు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఒక్క గుక్క తీసుకున్నారు. అది కిందికి దిగేదాకా కళ్ళు మూసుకున్నారు.

"ఎలా ఉందండీ అన్నయ్యగారూ?" అని లోపలి నుంచి సువర్ణ గారు అడిగారు.

ప్రకాశరావు గారు మాస్టారి వైపు చూశారు. మాస్టారు పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుకు ఆయన భుజాలు కదులుతున్నాయి.

"వేడిగా ఉందండి" అన్నారు ప్రకాశరావు గారు, ఇంకో గుక్క తాగి.